రెండో ఎక్స్‌టర్నల్ గ్రాఫిక్స్ కార్డు తగిలించే ముందు: రెండరింగ్ వేగం ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది

ల్యాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ చిప్ సాధారణంగా మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. దాన్ని తీసి మరొకటి పెట్టే వీలు ఉండదు. త్రీడీ పని పెరిగి, ఒక్కో ఫ్రేమ్ రెండర్ కావడానికి, అంటే త్రీడీ దృశ్యం తుది చిత్రంగా మారడానికి, నిమిషాలు పడుతున్నప్పుడు, డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డును ఒక ఎన్‌క్లోజర్‌లో (సొంత విద్యుత్ సప్లై ఉన్న బయటి పెట్టెలో) అమర్చి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలపడం వెంటనే తోచే మార్గం. మొదటి కార్డు నిజంగానే పెద్ద మార్పు తెస్తుంది. చిక్కులు రెండో కార్డుతో మొదలై మూడో కార్డుతో ముదురుతాయి. ఈ విషయం మీద జరిగే చర్చ దాదాపు ఎప్పుడూ కేబుల్ వేగం చుట్టూనే తిరుగుతుంది గానీ, తుది రెండరింగ్‌కు సంబంధించినంతవరకు కేబుల్ మీద మోపే నిందలో చాలా భాగం దానికి చెందదు. ఎన్ని కార్డులు నిజంగా పనికొస్తాయో తేల్చేవి వేరే మూడు అంశాలు: ఒక్కో కార్డులో ఉన్న వీడియో మెమరీ, కార్డులు చేయలేక ప్రాసెసర్‌కే మిగిలిపోయే పని, అన్ని కార్డులనూ ఒకేసారి గుర్తించి నడిపే సత్తా ఆ కంప్యూటర్‌కు ఉందా లేదా అన్నది.

ముందుగా కేబుల్ సంగతి. బయటి పరికరాలను కంప్యూటర్‌కు కలిపే థండర్‌బోల్ట్ అనే కేబుల్ పద్ధతిలో 2015లో వచ్చిన థండర్‌బోల్ట్ 3 సెకనుకు 40 గిగాబిట్ల వేగాన్ని ప్రకటించింది. కానీ గ్రాఫిక్స్ కార్డు మాట్లాడేది, కార్డులను మదర్‌బోర్డుకు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ భాష. ఆ సమాచారం థండర్‌బోల్ట్ ప్యాకెట్లలోకి ఎక్కి, అవతల దిగి, కార్డుకు చేరాలి. ఈ ఎక్కుదిగుడు ఖర్చులు పోగా కార్డుకు వాస్తవంగా దక్కేది సెకనుకు సుమారు 22 గిగాబిట్లు, అంటే రెండున్నర గిగాబైట్లకు కాస్త పైన. 2020లో వచ్చిన థండర్‌బోల్ట్ 4 మొత్తం వేగాన్ని పెంచలేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కోసం 32 గిగాబిట్ల సామర్థ్యం ఉండితీరాలని మాత్రం నియమం పెట్టింది. అది చిన్న విషయం కాదు, ఎందుకంటే అంతకుముందు కొన్ని ల్యాప్‌టాప్‌లలో థండర్‌బోల్ట్ 3 పోర్టుకు నాలుగు లేన్లకు (డేటా నడిచే సమాంతర దారులకు) బదులు రెండు లేన్లే ఇచ్చేవారు. 2023లో ప్రకటించిన థండర్‌బోల్ట్ 5 రెండు దిశల్లోనూ 80 గిగాబిట్లు ఇస్తుంది, పీసీఐ ఎక్స్‌ప్రెస్ వాటాను 64 గిగాబిట్లకు పెంచుతుంది. ఓక్యూలింక్ అనే మరో పద్ధతి ప్యాకెట్ల మార్పిడి ఏమీ లేకుండా పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లనే నేరుగా కేబుల్ మీదకు తెస్తుంది. నాలుగో తరం లేన్లు నాలుగు ఉంటే సిద్ధాంతరీత్యా సెకనుకు 7.9 గిగాబైట్ల దాకా వస్తుంది. డెస్క్‌టాప్ మదర్‌బోర్డులో అదే నాలుగో తరం 16 లేన్ల స్లాటు 31.5 గిగాబైట్లు ఇస్తుందని గుర్తు చేసుకుంటే, థండర్‌బోల్ట్ 3 కేబుల్ దానిలో పదో వంతు కూడా కాదు.

ఇంత తేడా ఉన్నా రెండరింగ్ కుంటుపడకపోవడానికి కారణం ఆ పని స్వభావంలోనే ఉంది. ఆటలో ప్రతి సెకనుకు అరవై సార్లో అంతకంటే ఎక్కువసార్లో కంప్యూటర్ నుంచి కార్డుకు ఆదేశాలు, డేటా పోతూనే ఉంటాయి. ఎక్స్‌టర్నల్ కార్డు గీసిన చిత్రాన్ని ల్యాప్‌టాప్ తెర మీదే చూడాలంటే అది మళ్లీ అదే కేబుల్ గుండా వెనక్కి రావాలి. సైకిల్స్ (బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోనిది), ఆక్టేన్, రెడ్‌షిఫ్ట్ వంటి రెండరర్లు తుది చిత్రాన్ని తయారుచేసే తీరు వేరు. సీన్‌లోని ఆకృతులు, కాంతికిరణాల లెక్కలను వేగవంతం చేసే బీవీహెచ్ నిర్మాణం, టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలం మీద పరిచే చిత్రాలు) ఒక్కసారి కార్డు మెమరీలోకి చేరిన తరువాత, ఆ కార్డు నిమిషాల తరబడి తనలో తాను లెక్కలు చేసుకుంటూ పోతుంది. 12 గిగాబైట్ల సీన్‌ను థండర్‌బోల్ట్ 3 మీద ఎక్కించడానికి దాదాపు అయిదు సెకన్లు పడుతుంది. పని పూర్తయ్యాక తిరిగి రావలసిన 4కె చిత్రం, పిక్సెల్‌కు 16 బైట్ల చొప్పున లెక్కించినా, 133 మెగాబైట్లు మాత్రమే. అది కన్ను మూసి తెరిచేలోపు వచ్చేస్తుంది. ఒక్క చిత్రానికి పది నిమిషాలు పట్టే పనిలో ఈ అయిదు సెకన్లు లెక్కలోకి రావు. ఆరు సెకన్లలో ముగిసే ఫ్రేములు వేలకొద్దీ ఉన్న యానిమేషన్‌లో, ప్రతి ఫ్రేముకూ సీన్ మొత్తాన్ని మళ్లీ ఎక్కిస్తుంటే మాత్రం అదే అయిదు సెకన్లు సగం కాలాన్ని మింగేస్తాయి. బ్లెండర్‌లోని పర్సిస్టెంట్ డేటా సదుపాయం మారని డేటాను ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య మెమరీలోనే ఉంచుతుంది కాబట్టి, కెమెరా ఒక్కటే కదిలే సన్నివేశాల్లో ఈ నష్టం దాదాపు పూర్తిగా తప్పుతుంది.

కేబుల్ నిజంగా దెబ్బతీసేది మరోచోట. సీన్ కార్డు మెమరీలో పట్టనప్పుడు చాలా రెండరర్లు మిగిలిన భాగాన్ని, ముఖ్యంగా టెక్స్చర్లను, కంప్యూటర్ ర్యామ్‌లో ఉంచి అవసరమైనప్పుడల్లా తెప్పించుకుంటాయి. ఎన్విడియా కార్డు ఆర్‌టీఎక్స్ 3090 తన సొంత మెమరీని సెకనుకు 936 గిగాబైట్ల వేగంతో చదువుతుంది. అదే కార్డు థండర్‌బోల్ట్ 3 అవతల ఉన్న ర్యామ్‌ను రెండున్నర, మూడు గిగాబైట్ల వేగంతో చదవాలి. అంటే మూడు వందల రెట్లకు పైగా తేడా. డెస్క్‌టాప్ స్లాటులో ఉన్న కార్డుకూ ఇలాంటి పరిస్థితిలో వేగం తగ్గుతుంది గానీ, దాని దారి పది రెట్లు వెడల్పు కాబట్టి తట్టుకోగలుగుతుంది. ఒకే కేబుల్ మీద రెండు కార్డులు ఉండి, రెండూ ఇలా ర్యామ్ కోసం ఎగబడితే, ఉన్న కొద్దిపాటి వేగాన్నీ అవి పంచుకోవాలి. రెండో కార్డు తగిలించిన తరువాత రెండరింగ్ వేగం పెరగకపోగా తగ్గిందన్న అనుభవాలకు తరచూ కారణం ఇదే. అలాంటప్పుడు వేగమైన కేబుల్ కంటే, టెక్స్చర్ల పరిమాణాన్ని సగానికి తగ్గించడం ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపడే విషయాన్ని స్పష్టంగా చెప్పుకోవాలి. కార్డుల సంఖ్య పెరిగితే మెమరీ కలవదు. 24 గిగాబైట్ల కార్డు పక్కన 8 గిగాబైట్ల కార్డు పెడితే 32 గిగాబైట్లు రావు. ప్రతి కార్డూ సీన్ మొత్తానికి సొంత ప్రతిని ఉంచుకోవాలి. కాబట్టి 14 గిగాబైట్ల సీన్ వచ్చినప్పుడు, రెండరర్‌ను బట్టి, 8 గిగాబైట్ల కార్డు పక్కకు తప్పుకోవడమో, ర్యామ్ మీద ఆధారపడి నత్తనడక నడవడమో, రెండరింగ్ మొత్తం తప్పుతో ఆగిపోవడమో జరుగుతుంది. ఎన్‌విలింక్ అనే వారధి ఉంటే రెండు కార్డులు ఒకదాని మెమరీని మరొకటి వాడుకోగలవు. ఆర్‌టీఎక్స్ 2080 టీఐ, 3090 వంటి కార్డులకు ఆ సదుపాయం ఉండేది, 4090కి దాన్ని తీసేశారు. పైగా ఆ వారధి పక్కపక్క స్లాట్లలో ఉన్న కార్డులకే అందుతుంది గనుక, విడివిడి ఎన్‌క్లోజర్లలో కూర్చున్న కార్డులకు అది ఉన్నా లేనట్టే. అందువల్ల రెండు మధ్యస్థ కార్డులకు బదులు ఎక్కువ మెమరీ ఉన్న ఒకే కార్డు కొనడం చాలా సందర్భాల్లో మెరుగైన నిర్ణయం. వేగం తక్కువైతే రెండరింగ్ ఆలస్యమవుతుంది, మెమరీ తక్కువైతే అసలు రెండరే కాకపోవచ్చు. ఈ రెండూ సమానమైన లోపాలు కావు.

మెమరీ సరిపోయిందనుకుందాం. అప్పుడు కార్డుల మధ్య పని ఎలా పంచబడుతుందన్నది ప్రశ్న. 2021 డిసెంబరులో వచ్చిన బ్లెండర్ 3.0లో సైకిల్స్‌ను కొత్తగా రాశారు. అప్పటినుంచి అది చిత్రాన్ని కార్డుల మధ్య భాగాలుగా విడదీసి, ఏ కార్డు ఎంత వేగంగా పనిచేస్తోందో కొలుస్తూ ఆ భాగాలను సవరించుకుంటుంది. మరికొన్ని రెండరర్లు చిత్రాన్ని చిన్న చిన్న చతురస్రాలుగా చేసి, ఖాళీ అయిన కార్డుకు తరువాతి ముక్కను అప్పగిస్తాయి. ఏ పద్ధతిలోనైనా కార్డుల వేగాల మధ్య తేడా పెద్ద అడ్డంకి కాదు. వేగమైన కార్డు ఎక్కువ ముక్కలు చేస్తుంది, నెమ్మదైనది తక్కువ చేస్తుంది, చివరి ముక్క దగ్గర మాత్రమే కాస్త నిరీక్షణ ఉంటుంది.

అసలు పరిమితి కార్డులకు బయట ఉంది. ప్రతి ఫ్రేముకూ ముందు మాడిఫయర్లు (ఆకృతులను మార్చే ఆదేశాలు) లెక్కించడం, సిమ్యులేషన్ ఫైళ్లు చదవడం, టెక్స్చర్లు విప్పడం, బీవీహెచ్ కట్టడంలో కొంత భాగం ప్రాసెసర్ మీదే పడతాయి. తరువాత కంపోజిటింగ్ (చిత్రపు పొరలను కలపడం), ఫైలు భద్రపరచడం ఉంటాయి. ఒక ఫ్రేముకు ఇలాంటి పని 8 సెకన్లు, కిరణాల లెక్క ఒక కార్డు మీద 52 సెకన్లు అనుకుంటే మొత్తం 60 సెకన్లు. రెండు సమానమైన కార్డులుంటే 52 సెకన్లు 26 అవుతాయి, మొత్తం 34. నాలుగు కార్డులుంటే 13 అవుతాయి, మొత్తం 21. కార్డులు నాలుగు రెట్లయినా వేగం మూడు రెట్లకు కూడా చేరలేదు. ఎనిమిది కార్డులు పెట్టినా ఆ 8 సెకన్లు అలాగే ఉంటాయి. సమాంతర గణనలో ఆమ్‌డాల్ సూత్రంగా ప్రసిద్ధమైన ఈ లెక్కకు ఎక్స్‌టర్నల్ కార్డుల విషయంలో కేబుల్ ఎక్కింపు సమయం కూడా తోడవుతుంది, ఎందుకంటే ఒకే కంట్రోలర్ (థండర్‌బోల్ట్ పోర్టులను నడిపే చిప్) వెనుక ఉన్న నాలుగు కార్డులకు నాలుగు ప్రతులు అదే దారిలో పోవాలి.

యానిమేషన్‌కు ఈ లెక్కను తప్పించుకునే ఉపాయం ఒకటి ఉంది, అది ఉండవలసినంత ప్రచారంలో లేదు. ఒక ఫ్రేమును నలుగురికి పంచకుండా, ఒక్కో కార్డుకు ఒక్కో ఫ్రేమును పూర్తిగా అప్పగించాలి. కమాండ్ లైన్ నుంచి రెండరర్‌ను నాలుగుసార్లు విడివిడిగా ప్రారంభించి, ఒక్కోదానికి ఒక్కో కార్డే కనిపించేలా చేస్తే, ఒక కార్డు కిరణాల లెక్కలో ఉండగా ప్రాసెసర్ మరో కార్డు కోసం తరువాతి ఫ్రేమును సిద్ధం చేస్తుంటుంది. పై ఉదాహరణలో 60 సెకన్లకు నాలుగు ఫ్రేములు వస్తాయి, అంటే సగటున ఫ్రేముకు 15 సెకన్లు. 21తో పోలిస్తే ఇది గణనీయమైన లాభం. బ్లెండర్ అవుట్‌పుట్ సెట్టింగుల్లో ఓవర్‌రైట్ తీసేసి, ప్లేస్‌హోల్డర్స్ పెడితే, విడిగా ప్రారంభించిన ఒక్కో బ్లెండర్ ప్రతి తాను మొదలుపెట్టిన ఫ్రేముకు ఖాళీ ఫైలు సృష్టించి గుర్తు పెడుతుంది గనుక, నాలుగూ ఒకే ఫోల్డరులో పనిచేసినా ఒకదాని ఫ్రేమును మరొకటి ముట్టుకోదు. దీనికి చెల్లించవలసిన మూల్యం ర్యామ్: ప్రతి ప్రతికీ సీన్ విడిగా కావాలి, కాబట్టి 16 గిగాబైట్ల ర్యామ్ తీసుకునే సీన్‌కు నాలుగు ప్రతులంటే 64 గిగాబైట్లు. ల్యాప్‌టాప్‌లో అది దొరకడం కష్టం. ప్రాసెసర్ కోర్లు తక్కువైతే ఆ 8 సెకన్ల తయారీ పనులు ఒకదానికొకటి అడ్డుపడి సాగిపోతాయి. మరో లాభం కూడా ఉంది: రాత్రంతా నడిచే పనిలో ఒక కేబుల్ క్షణకాలం వదులై ఒక కార్డు జారిపోతే, యంత్రమే స్తంభించనంతవరకు, మిగిలిన ప్రతులు తమ ఫ్రేములను కొనసాగిస్తాయి. అన్ని కార్డులూ ఒకే ప్రతి కింద ఉంటే ఒక్కటి జారినా మొత్తం పని ఆగుతుంది.

ఇక కలిపే తీరు. ల్యాప్‌టాప్‌కు రెండు థండర్‌బోల్ట్ పోర్టులు ఉన్నంత మాత్రాన రెండు వేర్వేరు దారులు ఉన్నట్టు కాదు. థండర్‌బోల్ట్ 3 కాలపు అనేక యంత్రాల్లో రెండు పోర్టులూ ఒకే కంట్రోలర్‌కు చెందినవి, ఆ కంట్రోలర్‌కు ఉన్నవి మొత్తం నాలుగు లేన్లే. పైగా ఆ కంట్రోలర్ ప్రాసెసర్‌కు నేరుగా కాక చిప్‌సెట్‌కు (మదర్‌బోర్డులోని సహాయక చిప్‌కు) కలిసి ఉంటే, ఎస్‌ఎస్‌డీ, నెట్‌వర్క్ వంటివన్నీ వాడుకునే దారినే కార్డులూ పంచుకోవాలి. 2019లో వచ్చిన ఐస్ లేక్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్ ఈ కంట్రోలర్‌ను ప్రాసెసర్‌లోకే చేర్చడంతో చిప్‌సెట్ ఇరుకు తొలగింది. ఒక ఎన్‌క్లోజర్ వెనుక మరొకటి గొలుసుకట్టుగా కలపడం థండర్‌బోల్ట్ నియమాల ప్రకారం సాధ్యమే. అయితే గ్రాఫిక్స్ ఎన్‌క్లోజర్లలో చాలావాటికి ఒకే థండర్‌బోల్ట్ పోర్టు ఉంటుంది, కాబట్టి అవి గొలుసు చివరనే కూర్చోగలవు. గొలుసులోని కార్డులన్నీ మొదటి కేబుల్ వేగాన్నే పంచుకుంటాయన్నది చెప్పనక్కర్లేదు. కొనే ముందు విండోస్ డివైస్ మేనేజర్‌లో పరికరాలను అనుసంధానం ప్రకారం చూపే ఏర్పాటు పెట్టుకుంటే, ఏ పోర్టు ఏ కంట్రోలర్ కింద ఉందో తెలుస్తుంది.

వీటన్నిటికంటే ఎక్కువమందిని నిరాశపరిచేది చిరునామాల కొరత. పీసీఐ ఎక్స్‌ప్రెస్ పరికరం ప్రతిదీ కంప్యూటర్ చిరునామాల్లో కొంత ప్రాంతాన్ని తనకు కేటాయించమని కోరుతుంది. ఎన్విడియా కార్డు సాధారణంగా 256 మెగాబైట్ల కిటికీతో (చిరునామాల ముక్కతో) పాటు మరి కొన్ని చిన్న కిటికీలను అడుగుతుంది. వాటిలో ఒకటి తప్పనిసరిగా మొదటి 4 గిగాబైట్ల చిరునామాల లోపలే ఉండాలి. ఆ ప్రాంతం ఇప్పటికే ఇతర పరికరాలతో కిక్కిరిసి ఉంటుంది. డెస్క్‌టాప్ బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే మూల సాఫ్ట్‌వేర్‌లో) అబౌ 4జీ డీకోడింగ్ అనే సెట్టింగును ఆన్ చేస్తే పెద్ద కిటికీలు పైప్రాంతానికి మారి ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ల్యాప్‌టాప్ బయోస్‌లో ఆ సెట్టింగు తరచుగా కనిపించదు. థండర్‌బోల్ట్ పోర్టు వెనుక వచ్చే పరికరాల కోసం తయారీదారు ముందే ఎంత చోటు కేటాయిస్తే అంతే. ఇంటిగ్రేటెడ్ చిప్, ల్యాప్‌టాప్ సొంత కార్డు, మొదటి ఎక్స్‌టర్నల్ కార్డు దాకా సర్దుకుని, రెండో ఎక్స్‌టర్నల్ కార్డు దగ్గర డివైస్ మేనేజర్ కోడ్ 12 చూపిస్తుంది. పరికరానికి సరిపడా వనరులు దొరకలేదని దాని అర్థం. డ్రైవర్ ఎన్నిసార్లు తిరగవేసినా ఇది తీరదు, ఎందుకంటే ఇది డ్రైవర్ లోపం కాదు. ల్యాప్‌టాప్ సొంత కార్డును బయోస్‌లో ఆపివేస్తే కొన్నిసార్లు చోటు దొరుకుతుంది. లినక్స్‌లో బూట్ సమయంలో పీసీఐ వనరులను మళ్లీ పంచమని కెర్నల్‌ను కోరవచ్చు, అక్కడ అవకాశాలు కాస్త మెరుగు. ఏది ఏమైనా, రెండు ఎక్స్‌టర్నల్ కార్డులతో ఒక యంత్రం పనిచేస్తుందా అనే ప్రశ్నకు సరైన జవాబు ఆ మోడల్ యంత్రం మీదే పరీక్షించి చూడటం తప్ప వేరే లేదు. తిరిగి ఇచ్చే గడువు ఉన్న చోట కొనడం ఇందుకే వివేకం.

సాఫ్ట్‌వేర్ వైపు నియమం సూటిగా ఉంటుంది. కార్డుతో లెక్కలు చేయించడానికి సైకిల్స్ ఒక సమయంలో ఒకే పద్ధతిని ఎంచుకోనిస్తుంది: ఎన్విడియా కార్డులకు క్యూడా లేదా ఆప్టిక్స్, ఏఎండీకి హెచ్‌ఐపీ, ఇంటెల్‌కు వన్‌ఏపీఐ. వేర్వేరు కంపెనీల కార్డులను ఒకే రెండర్‌లో కలపలేము కాబట్టి, లోపల ఎన్విడియా ఉన్న ల్యాప్‌టాప్‌కు బయట కూడా ఎన్విడియానే తగినది. మాక్ విషయం వేరు. 2018 మార్చిలో మాక్ఓఎస్ హై సియెర్రా 10.13.4తో ఆపిల్ ఎక్స్‌టర్నల్ కార్డులకు అధికారిక మద్దతు ఇచ్చింది గానీ అది ఏఎండీ కార్డులకే. 2020 నుంచి వచ్చిన ఆపిల్ సిలికాన్ యంత్రాలతో ఆ మద్దతు ముగిసింది.

విద్యుత్తు సంగతి చిన్నదే గానీ నిర్లక్ష్యం చేయరానిది. 650 వాట్ల సప్లై ఉన్న ఎన్‌క్లోజర్ ల్యాప్‌టాప్‌ను 100 వాట్లతో చార్జ్ చేస్తూ, ఆర్‌టీఎక్స్ 4090 వంటి 450 వాట్ల కార్డును నడిపితే మిగిలేది 100 వాట్లు మాత్రమే. కార్డు క్షణికంగా లాగే అదనపు విద్యుత్తుకు అది చాలకపోవచ్చు. ఎన్విడియా డ్రైవర్‌తో వచ్చే సాధనంతో కార్డు విద్యుత్ పరిమితిని కొంత తగ్గిస్తే, రెండర్ వేగంలో తగ్గేది దానికంటే చాలా తక్కువ నిష్పత్తిలో ఉంటుంది. థండర్‌బోల్ట్ 3 కాలపు రెండు మీటర్ల పాసివ్ కేబుల్ (సిగ్నల్‌ను బలపరిచే చిప్ లేనిది) వేగాన్ని 20 గిగాబిట్లకు దించేస్తుంది కాబట్టి, ఎన్‌క్లోజర్‌తో ఇచ్చిన పొట్టి కేబుల్‌నే వాడటం మంచిది.

ఏది సరిగా పనిచేస్తోందో కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు విద్యుత్ ఆదా కోసం లింక్ వేగాన్ని మొదటి తరానికి తగ్గించుకుంటుంది. ఆ సమయంలో కార్డు వివరాలు తెలిపే జీపీయూ-జెడ్ సాధనం చూపే అంకె చూసి కేబుల్ చెడిపోయిందని అనుకోకూడదు. పైగా ఆ అంకె కార్డుకూ ఎన్‌క్లోజర్‌లోని చిప్‌కూ మధ్య ఉన్న లింకుదే, కేబుల్‌ది కాదు. ఒకే సీన్‌ను ముందు ఒక్కో కార్డుతో విడిగా, ఆపై అన్నిటితో కలిపి రెండర్ చేసి, తయారీ సమయాన్నీ కిరణాల లెక్క సమయాన్నీ వేరువేరుగా రాసుకోవడం నమ్మదగిన పరీక్ష. తయారీ సమయం కార్డుల సంఖ్యతో పాటు పెరుగుతుంటే ఇరుకు కేబుల్‌లోనో ప్రాసెసర్‌లోనో ఉంది. కిరణాల లెక్క సమయం తగ్గాల్సినంత తగ్గకపోతే మెమరీ పొర్లిపోతోందేమో చూడాలి.

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే, ఒక ఎక్స్‌టర్నల్ కార్డు ల్యాప్‌టాప్ వాడేవారికి నిస్సందేహంగా తగిన పెట్టుబడి. రెండోది యంత్రం అనుమతిస్తే, సీన్లు మెమరీలో పడితే, తగినదే. మూడు, నాలుగు కార్డుల దశకు చేరినప్పుడు మాత్రం ఎన్‌క్లోజర్లకు పెట్టే ఖర్చుతో, తగినన్ని లేన్లు, ర్యామ్ ఉన్న పాత వర్క్‌స్టేషన్‌ను సమకూర్చుకుని, కార్డులన్నిటినీ అందులో పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి నెట్‌వర్క్ ద్వారా పని పంపడం మేలు. చిరునామాల కొరత అక్కడ దాదాపు ఉండదు, ల్యాప్‌టాప్ కూడా మోడలింగ్‌కు ఖాళీగా ఉంటుంది. నెట్‌వర్క్ థండర్‌బోల్ట్ కంటే నెమ్మది అన్న అభ్యంతరం వినిపిస్తుంది. 12 గిగాబైట్ల ఫైళ్లు ఒక గిగాబిట్ ఈథర్నెట్ మీద పోవడానికి వంద సెకన్ల పైనే పడుతుంది, అది నిజమే. కానీ ఆ వంద సెకన్లు మొత్తం యానిమేషన్‌కు ఒక్కసారే. ఆ తరువాత ఫ్రేములన్నీ వర్క్‌స్టేషన్ తన సొంత డిస్కు నుంచే చదువుకుంటుంది, వెనక్కి వచ్చేవి పూర్తయిన చిత్రాలు మాత్రమే.